సున్నపు గీత

టెన్నిసు పోటీకి వెళుతున్నానని చెబితే మా యింట్లో యెవరూ నమ్మలేదు. "చూసి రావడానికా?" అన్నది మా ఆవిడ. ఆడడానికన్నాను. 57 యేళ్ళ మనిషి మోకాలికి పట్టీ చుట్టుకుని ఆడడానికి బయలుదేరితే నవ్వకుండా యెలా వుంటారు? జతగాడెవరని మా అబ్బాయి అడిగాడు. "జంగమకోటె మామయ్య" అన్నాను. దానితో నవ్వు ఆగింది. మా బావ రాకెట్టు పట్టుకోవడం వాళ్ళు చూసి వున్నారు.

జంగమకోటె యెక్కడని అడిగే చదువరులకు ఒక మాట. అది శిడ్లఘట్ట తాలూకాలో హోబళి వూరు. 2007 దాకా కోలారు జిల్లాలో వుండేది, యిప్పుడు చిక్కబళ్ళాపురం జిల్లా. బెంగుళూరునుంచి దేవనహళ్ళి, విజయపుర మీదుగా శిడ్లఘట్ట పోయే బస్సు యెక్కితే దారిలో జంగమకోటె క్రాసు వస్తుంది. సంతలో కన్నడం, యింట్లో తెలుగు, కోపం వస్తే రెండూ. ఆ చుట్టుపక్కల రైతులకు పట్టుపురుగులే దిక్కు. శిడ్లఘట్ట పట్టుగూళ్ళ మార్కెట్టులో ఆనాటి ధర యెంత పలికిందన్నదే పొద్దున మొదటి మాట. మా అక్కను ఆ వూరికి యిచ్చారు. మా బావకు రెండెకరాల మల్బరీ తోట, ఒక పురుగుల యిల్లు, 64 యేళ్ళ వయస్సు, బ్రహ్మాండమైన బ్యాక్‌హ్యాండు వున్నాయి.

రైతుకు బ్యాక్‌హ్యాండు యెలా వచ్చిందో చెప్పాలి గదా. చిన్నప్పుడు చదువుకోసం మా బావ తాలూకా పట్టణంలో తన మేనమామ యింట్లో వుండేవాడు. ఆ యింటి వెనుక ఆఫీసర్ల క్లబ్బూ, అందులో ఒక టెన్నిసు కోర్టూ. సాయంకాలం తహసీల్దారుగారు, డాక్టరుగారు, యింజనీరుగారు తెల్ల నిక్కర్లు తొడుక్కుని ఆడుతుంటే పిల్లలు బంతులు యేరి యిచ్చేవారు. రోజుకు పావలా. ఆ కోర్టు మట్టీ పేడా కలిపి అలికినది. దక్షిణదేశంలో పాత కోర్టులు చాలావరకు అటువంటివే. పెద్ద పెద్ద ఆటగాళ్ళు అటువంటి నేలమీద ఆట నేర్చుకున్నారు. మన ముంగిలి అలికినట్టే అలికి, యెండనిచ్చి, రోలరు దొర్లించి, సున్నంతో గీతలు గీస్తారు. దుమ్ము లేవదు, బంతి తిన్నగా లేస్తుంది. వాన పడిందా, పని మళ్ళీ మొదటికి. అలికేవాళ్ళు యిద్దరు ఆడవాళ్ళట. అలకడానికి తప్ప ఆ కోర్టులో వాళ్ళు అడుగుపెట్టింది లేదు. యేరడానికి తప్ప మా బావ అడుగుపెట్టిందీ లేదు.

అయితే ఆదివారం మధ్యాహ్నం పెద్దలందరూ నిద్రలో వుండే వేళ క్లబ్బు మార్కరు అతణ్ణి పిలిచి, తంత్రులు రెండు తెగిన కొయ్య రాకెట్టు ఒకటి చేతికిచ్చి గోడకు కొట్టించేవాడు. మార్కరంటే క్లబ్బు జీతగాడు. సభ్యుడికి జత దొరకనినాడు తాను ఆడతాడు, కొత్తవాళ్ళకు నేర్పుతాడు, కోర్టు తడుపుతాడు, వల బిగిస్తాడు. క్లబ్బులో అందరికంటే బాగా ఆడేవాడు సాధారణంగా అతడే. కాని పోటీలలో అతనికి చోటు లేదు. డబ్బు తీసుకుని ఆడేవాడు గదా! ఆడి డబ్బు తీసుకోనివాడే పెద్దమనిషి, వాడే అమెచ్యూరు. 1968 దాకా వింబుల్డన్‌లో కూడా యిదే చట్టం. మన రామనాథన్ కృష్ణన్ 1960లోనూ 1961లోనూ అక్కడ సెమీఫైనలుకు వెళ్ళింది అమెచ్యూరుగానే. పేరుమోసిన జాక్ క్రామర్ వచ్చి ప్రొఫెషనలుగా మారమని పెద్ద మొత్తం చూపినా ఆయన వొప్పుకోలేదు. వొప్పుకుని వుంటే దేశం తరఫున డేవిస్ కప్పు ఆడే వీలుండేది కాదు. ఆయన వదులుకున్నది వేరు, మార్కరుకు అందకుండా పోయింది వేరు. రెండింటికీ పేరు మాత్రం ఒకటే.

యిప్పుడు ఆ భేదాలు పోయాయి. రుసుము ఫోనులో కట్టినవాడల్లా ఆడవచ్చు. మేము ఆడబోయేది బెంగుళూరు దారిలోనే వున్న ఒక పాతకాలపు క్లబ్బులో. పేరు వ్రాయను, వ్రాస్తే వచ్చే యేడు మమ్మల్ని రానివ్వరేమో. జోడీ ఆట. యిద్దరి వయస్సూ కలిపి 110 దాటి వుండాలి. మాది 121. సంక్రాంతి వెళ్ళిన ఆదివారంనాడు పోటీ. శనివారం సాయంకాలమే నేను జంగమకోటె చేరాను.

చేరాక తెలిసింది యిబ్బంది. పురుగులు నాలుగో జ్వరం లేచి రెండురోజులైంది. పట్టుపురుగు తన జీవితకాలంలో తినే ఆకులో నూటికి 80 పాళ్ళకు పైగా ఆ చివరి వారం పదిరోజులలోనే తింటుంది. గదిలోకి వెళితే ఆకు నమిలే చప్పుడు వాన కురుస్తున్నట్టే వినబడుతుంది. ఆకు ఒక పూట తప్పితే గూడు పలచబడుతుంది. కూలిమనిషి పండక్కి వూరికి పోయి యింకా తిరిగి రాలేదు. పొద్దుటి ఆకూ మధ్యాహ్నపు ఆకూ అక్క చూసుకుంటుంది. సాయంత్రం కోయవలసినది మాత్రం బావే.

"ఆరింటికల్లా యింట్లో వుండాల," అన్నది అక్క. నాతో కాదు, గోడతో అన్నట్టు.

"వుంటాంలే," అన్నాడు బావ.

ఫైనలు నాలుగున్నరకు. నేను మనస్సులో లెక్క వేసుకుని వూరుకున్నాను.

తెల్లవారకముందే క్రాసు దగ్గర నిలబడ్డాము. మంచు. యెదురుగా వచ్చే బస్సు దీపాలు తప్ప యేమీ కనబడదు; పడమటివైపు వుండవలసిన నంది కొండ జాడ లేదు. చుట్టూ గూళ్ళ సంచులు పెట్టుకుని నలుగురు రైతులు అవతలి దిక్కు బస్సుకోసం చూస్తున్నారు. వాళ్ళలో ఒకాయన మా రాకెట్టు సంచి చూసి, "యేమప్పా, వీణా?" అని అడిగాడు. బావ అవునన్నాడు.

క్లబ్బు చేరేసరికి ఒక ముసలి మార్కరు గోనెసంచి యీడ్చుకుంటూ కోర్టు చదును చేస్తున్నాడు. రెండు కోర్టులూ యెర్రమట్టివి. పేడ అలుకు యెప్పుడో పోయింది. సున్నపు గీతలు మాత్రం పాత పద్ధతినే వున్నాయి. వచ్చినవి 16 జట్లు. ఒక పళ్ళ డాక్టరు, బ్యాంకులో రిటైరయినవాళ్ళు నలుగురైదుగురు, ఒక సంస్కృతం మాష్టారు, మిలిటరీలోనుంచి వచ్చిన ఒకాయన, కంప్యూటరు కంపెనీలో పెద్ద వుద్యోగం చేసి మానుకున్న యిద్దరు అన్నదమ్ములు. మోకాలి పట్టీ లేనివాడు మా బావ ఒక్కడే. అందరూ రంగురంగుల బూట్లతో, మూడేసి రాకెట్లు పట్టే సంచులతో వచ్చారు. మా బావ చొక్కా తీసి బనియనుతో నిలబడబోతే కార్యదర్శిగారు పరుగెత్తుకొచ్చి చొక్కా వేసుకొమ్మన్నారు. ఆడవాళ్ళ పోటీ ఈ యేడు కూడా లేదు. పేర్లు రాలేదని ఆయన అన్నారు. ప్రేక్షకులలో సగంమంది ఆడవాళ్ళే. వాళ్ళలో ఒకావిడ విరామంలో భర్త రాకెట్టు తీసుకుని గోడకు కొట్టిన నాలుగు దెబ్బలు చూస్తే పేర్లు యెందుకు రాలేదో కార్యదర్శిగారు మళ్ళీ ఒకసారి ఆలోచించుకోవలసిందనిపించింది.

పద్ధతి చిన్నది. ముందుగా ఆరు గేములు గెలిచిన జట్టుది ఆట. అయిదూ అయిదూ అయితే టైబ్రేకు. అంపైరు లేడు. యెవరి కోర్టులో పడిన బంతికి వాళ్ళే తీర్పరులు. లోపలో బయటో వాళ్ళే చెప్పాలి. నిశ్చయంగా బయట పడిందని చూసివుంటేనే "అవుట్" అనాలి. అనుమానం వుంటే అది లోపల పడినట్టే. జతగాళ్ళిద్దరికీ భేదాభిప్రాయం వచ్చిందా, పాయింటు యెదుటివాళ్ళకు. 2025లో వింబుల్డన్‌లో గీతల దగ్గర నిలబడే లైన్ జడ్జీలను తీసివేసి ఆ పని కెమేరాలకు అప్పగించారు. అక్కడ మనిషి కన్ను యిక పనికిరాదనుకున్నారు. యిక్కడ మనిషి కన్నుతప్ప మరొకటి లేదు. అదీ యాభై దాటిన కన్ను, ఓడిపోతున్న కన్ను!

మొదటి రెండు ఆటల గురించి వ్రాయడానికి యెక్కువ లేదు. సంస్కృతం మాష్టారి జట్టును సులభంగా గెలిచాము. బ్యాంకువాళ్ళతో కొంచెం శ్రమపడ్డాము. మా బావ పరుగెత్తడు. బంతి యెక్కడికి వస్తుందో ముందే అక్కడ వుంటాడు. చిన్నప్పుడు బంతులు యేరినవాడికి అబ్బే విద్య కాబోలు అది. సర్వీసు బలంగా వుండదు, కాని బంతి పడినచోటినుంచి లేవడం మానేసి పక్కకు జారుతుంది. ఒక్కొక్కప్పుడు యెదుటివాడు రాకెట్టు చాపి, బంతి పోయిన దిక్కు చూసి నవ్వేవాడు.

భోజనం బాగుంది. రాగిముద్ద, పితికిపప్పు కూర, మజ్జిగ. ఆ రోజుల్లో ఆ సీమలో అనపకాయ తప్ప మరో కాయ దొరకదు, దొరికినా తినరు. ముద్ద తిని ఆట ఆడితే కడుపులో బరువని డాక్టరుగారు ఒకరు హెచ్చరిస్తూనే రెండో ముద్ద వేయించుకున్నారు. చెట్టుకింద కబుర్లు సాగాయి. 1974లో మనవాళ్ళు డేవిస్ కప్పు ఫైనలుకు చేరి, దక్షిణాఫ్రికా వర్ణద్వేషం కారణంగా ఆడకుండా కప్పు వదులుకున్నది ఒప్పా తప్పా అని మిలిటరీ ఆయన యెత్తారు. యాభయ్యేళ్ళు దాటినా ఆ తగువు తేలలేదు. మహేశ్ భూపతి 1997లో ఫ్రెంచి పోటీలో మిశ్రమ జోడీ గెలిచి, గ్రాండ్ స్లామ్ టైటిలు తెచ్చిన మొదటి భారతీయుడైన నాడు తాను యెక్కడ వున్నదీ ఒకాయన చెప్పారు. సానియా 2005లో హైదరాబాదులో గెలిచిననాడు స్టేడియంలో తాను వున్నానని ఇంకొకాయన. తెల్లవాళ్ళ క్లబ్బులలోకి మనవాళ్ళను రానివ్వని రోజుల్లో విశ్వేశ్వరయ్యగారు 1917లో బెంగుళూరులో సెంచురీ క్లబ్బు పెట్టించిన సంగతి మాష్టారు చెప్పారు. ఆయన పుట్టిన ముద్దేనహళ్ళి మా జిల్లాలోదే కాబట్టి నేను కొంచెం నిటారుగా కూర్చున్నాను. మా బావ మాత్రం అవతల ముసలి మార్కరు పక్కన గొంతుక్కూర్చుని, కోర్టు మట్టి యెక్కడినుంచి తెస్తారని అడుగుతున్నాడు.

సెమీఫైనలు ఒకటిన్నరకు మొదలైంది. యెదుట పళ్ళ డాక్టరుగారూ, ఒక రిటైరయిన యింజనీరుగారూ. గట్టివాళ్ళు. మూడూ మూడు గేముల దగ్గర నేను కొట్టిన బంతి ఒకటి పక్కగీత దగ్గర పడింది. నాకు కనబడలేదు. యింజనీరుగారు చెయ్యి యెత్తబోయి, డాక్టరుగారి ముఖం చూశారు. డాక్టరుగారు వంగి చూసి, "లోపలే," అన్నారు. గేము మాకు వచ్చింది. అటువంటి చోట నేనైతే యేమనేవాణ్ణని ఆ క్షణంలో అనుకోలేదు.

అయిదూ అయిదు. టైబ్రేకు. యేడు పాయింట్లు ముందు తెచ్చుకున్నవాడిది, రెండు తేడా వుండాలి. యెండ బాగా వుంది. కాళ్ళలో బలం లేదు. యెలా వచ్చామో ఆరు అయిదుకు వచ్చాము. యింకొక్క పాయింటు వస్తే ఫైనలు. బావ సర్వీసు చేశాడు. బంతి నాలుగుసార్లు అటూ యిటూ తిరిగింది. చివరికి డాక్టరుగారు బంతిని మా తలలమీదుగా యెత్తి పంపారు. నేను వెనక్కి పరుగెత్తాను. అందలేదు. బంతి వెనుకగీత దగ్గర పడి కంచెకు కొట్టుకుంది.

"అవుట్!" అని అరిచాను.

యెదుటివాళ్ళు మారు మాట్లాడలేదు. డాక్టరుగారు రాకెట్టు చంకలో పెట్టుకుని, చెయ్యి కలపడానికి వలవైపు నడిచి వస్తున్నారు. చెట్టుకింద ఎవరో చప్పట్లు కూడా కొట్టారు. నేను వెనక్కి తిరిగేసరికి బావ వెనుకగీత దగ్గర వంగి చూస్తున్నాడు. అక్కడ పొద్దుటినుంచి పడిన గుర్తులు పదో పదిహేనో వున్నాయి. కొత్త గుర్తులో లోపలి తడిమట్టి ముదురు రంగులో కనబడుతుంది. పాతవి యెండి తెల్లబడి వుంటాయి. గీతమీద ఒకచోట సున్నం చెదిరివుంది. బావ లేచి, కంచె దగ్గరికి పోయి బంతి తెచ్చి, నా కళ్ళముందు తిప్పి చూపాడు. పచ్చబంతిమీద తెల్లటి చార.

"గీత మీద పడిండాదిలేప్పా," అన్నాడు నాతో మెల్లగా. తరువాత గట్టిగా, "సార్, బాల్ లోపలే. పాయింటు మీది!"

ఆరూ ఆరు. తరువాతి రెండు పాయింట్లు యెలా పోయాయో నాకు సరిగా గుర్తులేదు. ఒకటి నేనే వలలోకి కొట్టాను. యెనిమిది ఆరు.

చెయ్యి కలుపుతూ డాక్టరుగారు బావతో ఒక పాత సంగతి చెప్పారు. 1935లో డేవిస్ కప్పు జోడీ ఆట, జర్మనీకీ అమెరికాకూ. జర్మనీకి గెలుపు పాయింటు వచ్చింది, అంపైరు యిచ్చేశాడు కూడా. అప్పుడు గాట్‌ఫ్రీడ్ ఫన్ క్రామ్ అనే ఆటగాడు, బంతి తన రాకెట్టుకు ముందే తగిలిందని తనంతట తాను చెప్పాడు. మరెవరూ చూడలేదు. పాయింటు పోయింది, చివరికి ఆటా పోయింది. వాళ్ళ దేశంలో కొందరు అతణ్ణి క్షమించలేదట. బావ శ్రద్ధగా విన్నాడు. విని, "ఆయన జతగాడు యేమన్నాడు సార్?" అని అడిగాడు. డాక్టరుగారు నావైపు చూసి నవ్వారు. నాకు నవ్వు రాలేదు.

ఫైనలు చూడకుండానే బయలుదేరాము. బస్సులో దేవనహళ్ళి దాటేదాకా నేను మాట్లాడలేదు. ఓడిపోయినందుకు కాదు, అని వ్రాస్తే అబద్ధం. ఓడిపోయినందుకూ కోపం వచ్చింది. దానికిమించి ఒక అనుమానం పట్టుకుంది. ఫైనలు ఆడితే ఆరింటికి యిల్లు చేరేది లేదు. ఆకు కొయ్యాలి. అందుకనే గదా...

"బావా, నిజం చెప్పు. పురుగులకోసమేనా?" అన్నాను చివరికి.

అతను నన్ను వింతగా చూశాడు. "పురుగులకోసమైతే పొద్దున మాష్టారి ఆటలోనే ఓడిపోతా వుంటినిగదప్పా. యింత యెండలో యెందుకు?"

అది నిజమే. విజయపుర దగ్గర బస్సు ఆగింది. వేరుశనక్కాయలు కొన్నాడు. వొలుస్తూ, నావైపు చూడకుండా, "నీకు కనబడిందా?" అని అడిగాడు.

"యేది?"

"బాల్ బయట పడిండేది."

కనబడిందని చెప్పబోయాను. పరుగెడుతున్నాను, తల పైకెత్తి వుంది, సూర్యుడు కళ్ళలో వున్నాడు. బంతి నేలకు తగిలినప్పుడు నేను యెక్కడ చూస్తున్నానో యిప్పటికీ చెప్పలేను. కాని అరిచినప్పుడు నాకు అనుమానమన్నది లేదు. గీతకు జానెడు అవతల పడినట్టే వుంది. ఆ జానెడు నేల యెక్కడినుంచి వచ్చింది?

"లేదు," అన్నాను.

అతను తల వూపి గింజలు నా చేతిలో పోశాడు. మరేమీ అనలేదు. ఈ మాట వ్రాయడానికి నాకు మొహమాటంగానే వుంది. మా అబ్బాయి చదువుతాడు.

క్రాసులో దిగేసరికి అయిదుంబావు. బావ యింటికి పోకుండా తిన్నగా తోటకే నడిచాడు. నేను రాకెట్టు సంచి మోసుకుంటూ వెనకాల. కొడవలి తోటగట్టున చెట్టుకు గుచ్చి వుంది. అతను కొయ్యడం, నేను మోపు కట్టడం. రెండు మోపులు యింటికి చేర్చేసరికి చీకటి పడింది. అక్క లాంతరు లాంటి బ్యాటరీదీపం పట్టుకుని పురుగుల యింటి గుమ్మంలో నిలబడివుంది.

"యేమైంది ఆట?" అన్నది.

"పొయ్యింది," అన్నాడు బావ.

"యెవురివల్ల?"

నేను నోరు తెరిచేలోగా అతను మోపు దించి, కాళ్ళు కడుక్కుని లోపలికి పోయాడు. అక్క నాకు ఒక బుట్ట అందించింది. కొమ్మలు విడదీసి తట్టల మీద పరిచాము. కొంచెం సేపటికి గదిలో ఆ వాన చప్పుడు మొదలైంది.